తగిలించని రెండు తీగలు

జగిత్యాల కొత్త బస్టాండు వెనక సందులో కంప్యూటర్లు బాగుచేసే హరీశ్‌కి ఒక జబ్బు ఉండేది. "నాకు తెల్వది" అనే మాట అతని నోట్లోంచి వచ్చేది కాదు. మనిషి మంచివాడే, చెయ్యి ఇంకా మంచిది. విప్పిన మిషన్‌ను మూడు రోజులైనా ముందేసుకుని కూర్చుంటాడు గానీ, ఇది నాతో కాదు, కరీంనగర్ తీసుకుపోండి అని మాత్రం అనడు. అలా అనాల్సి వస్తే తల కొట్టేసినట్టుండేది అతనికి. ఇలాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ నలుగురైదుగురు ఉంటారు, చాలామందికి ఆ జబ్బుతోనే బతుకు వెళ్లిపోతుంది కూడా. హరీశ్‌కి మాత్రం ఒకసారి అడ్డం తిరిగింది. అదైనా అతనికి తగిలి ఊరుకుంటే ఈ కథ చెప్పుకునే పని ఉండేది కాదు. తగిలింది వేరేవాళ్లకు.

హరీశ్ పుట్టి పెరిగింది సిరిసిల్లలో. తండ్రి ముత్యం మరమగ్గాల మీద, అక్కడి మాటలో సాంచెల మీద, పనిచేసే కార్మికుడు. మగ్గాలు సొంతవి కావు, ఆసామివి. ముత్యానికి ఒక అలవాటు ఉండేది, దాన్ని చూసి తోటి కార్మికులు నవ్వేవాళ్లు. నేతలో ఎక్కడైనా పోగులు తెగి గుడ్డలో తప్పు పడితే, ఆయన మగ్గం ఆపి, సరిగ్గా ఆ చోట గుడ్డ అంచుకు ఒక ఎర్ర పోగు కట్టేవాడు. గుడ్డను ఎన్ని మడతలు పెట్టినా ఆ ఎర్ర పోగు బయటికి కనబడుతూనే ఉంటుంది. తప్పు ఇక్కడుంది చూసుకోండి అని కొనేవాడికి చెప్పడమన్నమాట. దానికి కూలీలో కోత పడేది. తన తప్పు తనే వేలు పెట్టి చూపించుకునే మనిషిని ఎక్కడా చూడలేదని సాంచెల మీద అందరూ ఆడిపోసుకునేవాళ్లు. ఇంట్లో భార్య సత్యవ్వ కూడా సణిగేది.

పదో తరగతి సెలవుల్లో తండ్రికి జ్వరమొస్తే నాలుగు రోజులు హరీశ్ మగ్గం దగ్గర నిలబడ్డాడు. ఒకచోట బెత్తెడు మేర తప్పు పడింది. ఎర్ర పోగు డబ్బా పక్కనే ఉంది. హరీశ్ దాని వంక చూసి, ఎవరు చూడొచ్చారులే అని గుడ్డను లోపలికి మడిచేశాడు. ఆసామి విప్పాడు, చూశాడు. జ్వరం మనిషిని ఇంటి నుంచి పిలిపించి, పదిమందిలో ఆ గుడ్డను ముఖం ముందు ఆడించి, ఇన్నేళ్ల నమ్మకం ఇదేనా అని అడిగాడు. ముత్యం, కొడుకు చేశాడని చెప్పలేదు. ఇంటికొచ్చాక హరీశ్‌ను కొట్టనూ లేదు, తిట్టనూ లేదు. మంచం మీద కూర్చుని ఒక్క మాట అన్నాడు. "తప్పు పడుడు తప్పు కాదురా. దాస్తివి సూడు, గదీ తప్పు."

ఆ మాట హరీశ్‌కి గుర్తుండిపోయింది. గుర్తుండడం వేరు, పనికి రావడం వేరు. కరీంనగర్‌లో హార్డ్‌వేర్ కోర్సు చేసి, జగిత్యాలలో చిన్న గది కిరాయికి తీసుకుని దుకాణం పెట్టేసరికి అతనికి ఇరవై నాలుగేళ్లు. రెండేళ్లలో పేరొచ్చింది. హరీశ్ ముట్టుకుంటే చచ్చిన మిషన్ లేచి కూర్చుంటుందని చెప్పుకునేవాళ్లు. ఆ పేరు చెవిన పడ్డప్పుడల్లా అతని మెడ కొంచెం పైకి లేచేది.

అది రెండు వేల పదకొండు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోల్లో పడుకున్నాయి, బడులు మూతపడ్డాయి, కరెంటు ఇష్టమొచ్చినప్పుడు వచ్చి పోతోంది. ఊరికో దీక్షా శిబిరం, రోడ్డు రోడ్డుకో వంటావార్పు. హరీశ్ తన బండి నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపేసి టీజీ రాయించుకున్నాడు. రోజూ ఒక పూట శిబిరంలో కూర్చునేవాడు, ఒక పూట షట్టరు సగం దించి పని చేసుకునేవాడు. ఉద్యమమంటే అతనికి నిజంగానే ప్రాణం. ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది సరిగ్గా అర్థం కాదు.

ఒక శుక్రవారం సామేలు, అతని బిడ్డ లావణ్య ఆటోలు మారి దుకాణానికి వచ్చారు. వాళ్లది కోరుట్ల అవతల ముత్యంపేట. అక్కడ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు నరికే కూలీ సామేలు. ఆ కుటుంబంలో ఇంటర్ దాటిన మొదటి మనిషి లావణ్య. నర్సింగు కోర్సుకు ర్యాంకు తెచ్చుకుంది. కాలేజీలను నెట్‌లో ఎంచుకోవాలి. ఆమె ర్యాంకు వాళ్లకు ఇచ్చింది రెండే రోజులు, వచ్చే సోమవారం, మంగళవారం. మంగళవారం సాయంత్రం ఆరు దాటితే సీటు లేనట్టే. ఆ రెండు రోజులూ బంద్ పిలుపు ఉంది.

లావణ్య సంచిలోంచి ఒక నల్లటి ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టింది. అన్న శేఖర్ దుబాయిలో ఒక ఆఫీసులో పనిచేస్తాడు, వాళ్లు పాతవి అమ్మేస్తుంటే చెల్లె కోసం ఒకటి కొని తెలిసినవాళ్ల చేత పంపాడు. దానికి నెట్ కావాలి. సిమ్ వేసి పక్కన గుచ్చుకునే డాంగిల్ కొందామని జగిత్యాలంతా తిరిగితే, లారీలు రాక ఎక్కడా సరుకు లేదన్నారట.

హరీశ్ ల్యాప్‌టాప్‌ను బోర్లా తిప్పి బ్యాటరీ ఊడదీశాడు. దాని అడుగున, గోరు పట్టేంత సందులో సిమ్ పెట్టుకునే చోటు కనబడింది. అతని ముఖం వెలిగింది.

"డాంగిల్ ఎందుకు చెల్లె? గిండ్లనే సిమ్ పెట్టే జాగ ఉన్నది సూడు. లోపట నెట్ పట్టే కార్డొక్కటే లేదు. నా కాడ ఉన్నది, ఏస్త. డాంగిల్ లెక్క బయటికి ఏలాడుడు ఉండది."

సామేలు అనుమానం మనిషి కాదు గానీ, పేదవాడు. పేదవాడికి రెండో దారి చూసుకుని ఉంచుకోవడం అలవాటు. కోరుట్లలో ఒక నెట్ సెంటర్ ఆయన బంద్ అయినా వెనక తలుపు తీస్తానన్నాడని, ఇది కుదరకపోతే బిడ్డను సైకిల్ మీద అక్కడికి తీసుకుపోతానని చెప్పాడు. గంటన్నర తొక్కుడు, అయినా పర్వాలేదన్నాడు.

"అంత కష్టమెందుకు కాకా. ఇంట్ల కూసొని పెట్టుకుంటది," అన్నాడు హరీశ్.

నిజం చెప్పాలంటే ఆ పని అతను అంతకుముందు ఒక్కసారీ చేయలేదు. ఎవరో పనికిరాదని వదిలేసిన ల్యాప్‌టాప్ లోంచి ఊడదీసిన కార్డు ఒకటి సొరుగులో ఆరు నెలల నుంచి పడి ఉంది. ఎప్పుడు పెడదామా అని చెయ్యి దురదగా ఉంది. జగిత్యాలలో ఈ పని చేసిన మొదటివాడిని నేనే కావాలన్న ఆశ కూడా ఉంది.

స్క్రూలు విప్పాడు. కార్డు పెట్టే చోటు ఉంది. కార్డు సరిగ్గా కూర్చుంది. దాని అంచున బంగారు రంగులో రెండు చిన్న బొడిపెలు మెరుస్తున్నాయి. వాటికి రెండు సన్న తీగలు తగిలించాలి. ఆ తీగలు ల్యాప్‌టాప్ తెర పైనుంచి దిగి వచ్చి, అక్కడే చుట్టి పెట్టి ఉండాలి. సిగ్నల్ పట్టేవి అవే. హరీశ్ వేలితో వెతికాడు, టార్చి వేసి వెతికాడు. లేవు. పక్కనున్న వైఫై కార్డుకు మాత్రం రెండు తీగలు తగిలించి ఉన్నాయి. తక్కువ ధర మోడల్ అయి ఉంటుంది, చోటు వదిలారు గానీ తీగలు వేయలేదు. విప్పి చూడకుండానే గొప్పలు పోయాడు మన హరీశ్.

అప్పుడు తలెత్తి చూశాడు. బెంచీ మీద తండ్రీ బిడ్డా పక్కపక్కన కూర్చుని అతని చేతులనే చూస్తున్నారు. డాక్టరు తమ ఇంటి మనిషికి సూది వేస్తుంటే చూసే చూపు అది. ఒక్క మాట చాలు. దీనికి తీగలు లేవు కాకా, నేను చూడకుండా మాటిచ్చాను, మీరు కోరుట్ల పోండి. ఇంతే. నాలిక చివరి దాకా వచ్చింది కూడా. దుకాణంలో ఇంకో ఇద్దరు గిరాకీలు నిలబడి ఉన్నారు, వాళ్లు కూడా చూస్తున్నారు. హరీశ్ మూత పెట్టి స్క్రూలు బిగించాడు.

సిమ్ పెట్టి మిషన్ ఆన్ చేశాడు. పక్క మేడ మీదే టవర్ ఉంది. అంత దగ్గర తీగలు లేకపోయినా కార్డు ఎంతో కొంత పట్టేస్తుంది. తెర మూలన రెండు గీతలు వచ్చాయి. మెల్లగా ఒక పేజీ తెరుచుకుంది. లావణ్య చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, మళ్లీ సిగ్గుపడి చేతులు దించుకుంది. సామేలు లేచి హరీశ్ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకోబోయాడు. హరీశ్ వెనక్కి లాక్కున్నాడు. అది వినయం అనుకున్నారు చూసినవాళ్లు.

వాళ్లు వెళ్లాక హరీశ్ తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ముత్యంపేటలోనూ టవర్ ఉంటుంది కదా, అక్కడా పట్టకపోతుందా అని. టవర్ వాళ్లింటికి ఎంత దూరమో అతను అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని అడగలేదు.

సోమవారం పొద్దున లావణ్య వాళ్ల నాయిన ఫోన్ నుంచి చేసింది. గీతలు రావడం లేదని, సర్వీస్ లేదని చూపిస్తోందని చెప్పింది. గొంతులో కంగారు లేదు. ఏదో చిన్న మీట నొక్కమంటాడు, నొక్కితే వచ్చేస్తుంది అన్న నమ్మకంతో అడిగింది. హరీశ్ తీగల మాట ఎత్తలేదు.

"సమ్మె గదా చెల్లె. నెట్ బంద్ పెట్టిండ్రట. మాటలు పోతయి, నెట్ పోదు. మాపటికల్ల ఇడుస్తరు."

"మరి కోరుట్ల పొమ్మంటవా అన్నా? నాయిన సైకిల్ తీసి ఉన్నడు."

"ఆడ గూడ గిదే కత. పోయి ఏం జేస్తవ్? ఇంట్లనే ముందట పెట్టుకొని కూసో."

ఈ మాటలు అంటున్నప్పుడు అతని ఎదురుగా బల్ల మీద అతని సొంత కంప్యూటర్‌లో ఉద్యమం వార్తల పేజీ తెరిచి ఉంది. నెట్ బాగానే వస్తోంది. హరీశ్ ఒక చేత్తో ఫోన్ చెవికి పెట్టుకుని, రెండో చెయ్యి చాపి ఆ తెరను అటువైపు తిప్పేశాడు. గదిలో ఇంకెవరూ లేరు. మరి ఎవరు చూస్తారని తిప్పాడో ఆ రోజూ అతనికి తెలియదు, ఇప్పటికీ తెలియదు.

ఆ రోజుల్లో సమ్మె అంటే ఎవరైనా నమ్మేవాళ్లు. ఉత్తరం రాకపోతే సమ్మె, కరెంటు పోతే సమ్మె, పాలు విరిగినా సమ్మె. నిజంగా సమ్మె వల్ల ఆగినవి ఎన్నో ఉన్నాయి కాబట్టే, ఆ వరుసలో ఒక అబద్ధం నిలబెడితే ఎవరికీ తేడా తెలియలేదు. జీతాలు మానుకుని, పస్తులుండి జనం ఒక్కటై చేసుకున్న సమ్మెను హరీశ్ తన సిగ్గు మీద కప్పుకున్నాడు.

మంగళవారం ఆమె రెండుసార్లు చేసింది. మొదటిసారి అదే మాట చెప్పాడు. ఆ తర్వాత, మధ్యాహ్నం రెండింటప్పుడు, వేరే ఎవరిదో ల్యాప్‌టాప్ విప్పి కూర్చున్నాడు. వైఫై కార్డుకు ఉన్న తీగలు ఊడదీయబోతూ ఆగిపోయాడు. లావణ్య ల్యాప్‌టాప్‌లోనూ ఇవి ఉన్నాయి. కూలీ ఇంట్లో వైఫై ఎక్కడిది? ఆ రెండు తీగలూ అక్కడ ఊరికే పడి ఉన్నాయి. వాటిని ఊడదీసి ఈ కార్డుకు తగిలిస్తే, పూర్తిగా కాకపోయినా పని నడిచేంత సిగ్నల్ వస్తుంది. ఐదు నిమిషాల పని. శుక్రవారం నాడే చేయాల్సిన పని. కంగారులో తోచలేదు.

బండి మీద ముత్యంపేటకు గంట పైచిలుకు. ఆరు గంటల దాకా టైముంది. హరీశ్ తాళం చేతిలోకి తీసుకున్నాడు. స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు. గడప దాకా వచ్చాడు. అక్కడ ఆగి ఆలోచించాడు. వెళ్తే చెప్పాలి కదా. నెట్ బంద్ కాలేదని చెప్పాలి, నిన్నటి నుంచి అబద్ధమాడుతున్నానని చెప్పాలి. కోరుట్ల దగ్గర రాస్తారోకో ఉండే ఉంటుంది, ఎలాగూ పోనివ్వరు అనుకున్నాడు. ఎవరికైనా ఫోన్ చేసి కనుక్కున్నాడా అంటే లేదు. వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

ఐదున్నరకు మళ్లీ ఫోన్ మోగింది. హరీశ్ దాన్ని చూస్తూ కూర్చున్నాడు. అది మోగి మోగి ఆగిపోయింది. ఆ తర్వాత మోగలేదు.

పది రోజులు గడిచాయి. శిబిరంలో కూర్చుంటే నినాదం నోట్లోంచి వచ్చేది కాదు. గిరాకీ ఎవరైనా చెయ్యి మంచిదని పొగిడితే మాట మార్చేవాడు. చివరికి ఒక ఆదివారం పొద్దున్నే, ఏమైతే అదవుతుంది, వెళ్లి కాళ్ల మీద పడి చెప్పేద్దాం అని బండి తీశాడు. దారి పొడవునా మాటలు కూర్చుకున్నాడు.

ముత్యంపేట పొలిమేరలో రోడ్డుకు అడ్డంగా వంటావార్పు జరుగుతోంది. రాళ్ల పొయ్యిల మీద డేగిసాలు, పక్కన టెంటు, మైకు. వరసలు కట్టి రోడ్డు మీదే కూర్చుని తింటున్నారు. ఎవరు వండారు, ఎవరు వడ్డిస్తున్నారు అని కులం అడిగేవాళ్లు ఆ రోజుల్లో ఆ రోడ్ల మీద లేరు. సామేలు మెడలో గులాబీ కండువా వేసుకుని, అన్నం గంపతో వరసలో వస్తూ హరీశ్‌ను చూశాడు. గంప పక్కవాడికిచ్చి పరుగున వచ్చి, బండి దింపించి, చెయ్యి పట్టుకుని తీసుకుపోయి వరసలో కూర్చోబెట్టాడు. హరీశ్ ఏదో అనబోతే ముందు తినమన్నాడు. అన్నం, పప్పుచారు తన చేత్తో వడ్డించాడు.

తర్వాత నిలబడి, పక్కనున్న వాళ్లందరికీ వినబడేలా చెప్పాడు. జగిత్యాల నుంచి వచ్చిన సారు ఈయనే అని, లోపల కార్డు వేసి పంపింది ఈయనే అని. రెండు రోజులూ ఫోన్ చేసినప్పుడల్లా విసుక్కోకుండా ధైర్యం చెప్పాడని కూడా చెప్పాడు.

"సారుది ఏం తప్పు లేదు. నెట్ బందాయె, సీటు పాయె. పిల్ల ఏడ్సింది. నేను చెప్పిన, ఊకో బిడ్డా, పోరగాండ్లు పానాలే ఇచ్చిండ్రు తెలంగాణకు, మనం ఒక్క సీటు ఇయ్యలేమా అని."

వరసలో కూర్చున్న వాళ్లు ఎంగిలి చేతులతోనే చప్పట్లు కొట్టారు. మైకు దగ్గరున్నాయన ఆ మాట అందుకుని, కూలి మనిషి సామేలు త్యాగం అంటూ మొదలుపెట్టాడు. సామేలు కళ్లల్లో నీళ్లు, ముఖంలో ఒక వెలుగు. బతుకులో మొదటిసారి అతను ఎవరికో ఏదో ఇచ్చినవాడయ్యాడు. హరీశ్ నోట్లో ముద్ద ఉంది. మింగడానికి రాలేదు, ఉమ్మడానికి వీల్లేదు. పక్కవాళ్లు కొడుతున్నారు కాబట్టి తనూ చప్పట్లు కొట్టాడు. తన బతుకులో అంత సిగ్గుపడ్డ రోజు ఇంకొకటి లేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. సామేలు వచ్చి ఇంకో గరిటెడు చారు పోశాడు.

తిన్నాక ఇల్లు ఎక్కడో అడిగి ఒక్కడే వెళ్లాడు. లావణ్య వాకిట్లో చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. లేచి మంచినీళ్లు ఇచ్చింది. తల్లి సాయవ్వ వంటావార్పు దగ్గరే ఉందని చెప్పింది. హరీశ్ నీళ్లు తాగలేదు. చెంబు పట్టుకుని నిలబడే, చెల్లె, నెట్ బంద్ కాలేదు అని మొదలుపెట్టాడు.

"నాకు తెల్సన్నా," అంది లావణ్య.

లోపలికి వెళ్లి ల్యాప్‌టాప్ తెచ్చి బోర్లా పెట్టింది. అడుగు మూతకు స్క్రూలు లేవు. అన్నిటినీ ఒక అగ్గిపెట్టెలో వేసి పెట్టుకుంది. బుధవారం నాడే విప్పానని చెప్పింది. ఒక కార్డుకు రెండు తీగలున్నాయి, ఇంకో కార్డుకు ఏమీ లేవు, ఎందుకని దుబాయిలో అన్నను అడిగితే, వాళ్ల ఆఫీసులో కంప్యూటర్లు చూసే మనిషిని కనుక్కుని చెప్పాడట. అంతకుముందు రోజు రాత్రే, గడువు దాటాక, ఇంకో సంగతి తెలిసింది. ఆమె దోస్తు ప్రవళిక అదే సోమవారం కోరుట్లలో, అదే నెట్ సెంటర్ వెనక గదిలో కూర్చుని కాలేజీలు ఎంచుకుంది. ప్రవళిక ర్యాంకు లావణ్య కన్నా వెనకది. తర్వాత ఆమెకు సీటు కూడా వచ్చింది.

ఇదంతా ఆమె కోపంగా చెప్పలేదు. కోపంగా చెబితే హరీశ్‌కి కొంచెం ఊపిరాడేది. అతను వాకిట్లోనే కూలబడిపోయాడు. కాకకు చెప్పి కాళ్లు పట్టుకుంటానన్నాడు, అందుకే వచ్చానన్నాడు.

"వద్దు. నాయినకు చెప్పకు," అంది లావణ్య. "తెలంగాణకు ఇచ్చిన అనుకుంటుండు. ఊరంత మెచ్చుకుంటుండ్రు. ఒకని అబద్దానికి పోయిందని తెలిస్తే ఆయన తట్టుకోడు. నువ్వు చెప్పి పాపం కడుక్కుంటవ్, ఆయన ఏం జెయ్యాలె?"

హరీశ్ చెంబు కింద పెట్టాడు.

"చెప్పాల్సింది సోమారం ఉండె. సైకిల్ వాకిట్లనే ఉండె గప్పుడు."

హరీశ్ జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. అడగకుండానే ల్యాప్‌టాప్ దగ్గరికి జరిగి, వైఫై కార్డు నుంచి రెండు తీగలూ ఊడదీసి, ఒక్కొక్కటే కొత్త కార్డు బొడిపెలకు తగిలించి వేలితో నొక్కాడు. అగ్గిపెట్టెలోంచి స్క్రూలు తీసి బిగించాడు. ఆన్ చేశాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. తెర మూలన మూడు గీతలు వచ్చి నిలబడ్డాయి. లావణ్య వంగి ఆ మూడు గీతలనూ చూసింది. తెర మూసేసి, చేట ఒళ్లోకి తీసుకుంది.

అప్పటి నుంచి హరీశ్ మారాడు. ఎవరైనా మిషన్ తెస్తే, విప్పి చూడందే చెప్పలేనని అనేవాడు. నాతో కాదని రోజుకు ఒకసారైనా అనేవాడు. పేరు కొంచెం తగ్గింది. అతనికి బాధ కలగలేదు. చూపు మందగించి మగ్గం మానేసిన తండ్రి జగిత్యాల వచ్చి దుకాణంలోనే కూర్చుంటే, కొడుకు నెమ్మదించాడని ముచ్చటపడేవాడు. ఎందుకు నెమ్మదించాడో ఆయనకు తెలియదు.

రెండు వేల పద్నాలుగు ఫిబ్రవరిలో ఢిల్లీలో బిల్లు పాసైంది. జగిత్యాల వీధుల్లో డప్పులు, పటాకులు, గులాల్. ఆ మధ్యాహ్నం సామేలు దుకాణం ముందుకు వచ్చాడు. జుట్టు నెరిసింది. ముఖమంతా గులాబీ రంగు. ఒక చేతిలో మిఠాయి డబ్బా, ఇంకో చేతిలో గులాల్ పొట్లం. లావణ్య కోరుట్లలో ఒక ప్రైవేటు దవాఖానలో ఆయా పనికి పోతోందని, నర్సమ్మలు చెప్పినట్టు చేస్తుందని, సంతోషంగానే చెప్పాడు. తర్వాత హరీశ్ నుదుటి నిండా గులాల్ పూశాడు. మిఠాయి నోట్లో పెట్టాడు. దుకాణంలో ఉన్న గిరాకీల వైపు తిరిగాడు.

"మా బిడ్డ సీటు గూడ ఉన్నది గీ తెలంగాణల. గీ సారుకు ఎరుకే. అవునా సారూ?"

"అవును కాకా," అన్నాడు హరీశ్.

సామేలు అతన్ని కౌగిలించుకుని, బయట గుంపులో కలిసిపోయాడు. మూలన కుర్చీలో కూర్చున్న ముత్యం, ఏం సీటు అని అడిగాడు. గిరాకీలు వెళ్లేదాకా ఆగి, హరీశ్ షట్టరు సగం దించి, తండ్రికి మొత్తం చెప్పాడు. తీగలు లేని బొడిపెల సంగతి, తెర అటు తిప్పిన సంగతి, గడప దాకా వచ్చి ఆగిన సంగతి, ఏదీ దాచలేదు. రెండున్నరేళ్లలో ఇంకొకరికి చెప్పడం అదే మొదలు. తిడతాడని ఎదురుచూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

ముత్యం కొడుకు నుదుటి మీది గులాల్ వంక చూశాడు.

"ఎర్ర పోగు కట్టే జాగ గూడ ఉంచుకోలేదు గదరా," అన్నాడు.

బయట సామేలు ఎవరికో మిఠాయి పెడుతూ మళ్లీ అదే మాట చెబుతున్నాడు. షట్టరు కింది నుంచి అంతా వినబడుతోంది. హరీశ్ తల దించుకుని వింటూ కూర్చున్నాడు.